వైఫై దర్వాజా దగ్గర గుమాన్

షాదీలకో దావత్‌లకో వెళ్ళినప్పుడు ఎవరైనా పెద్దవాళ్ళు "ఏం పని చేస్తున్నావు బేటా?" అని అడిగితే "ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూస్తాను చాచా" అంటాను. వెంటనే వచ్చే మాట ఒకటే. "అయితే వైఫై పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉంటుందన్నమాట!" అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. పాస్‌వర్డ్ కొట్టేస్తే దర్వాజా తెరుచుకున్నట్టేనని, ఇక లోపలంతా మనదేనని చాలామంది ఖయాల్. అసలు సంగతి పాస్‌వర్డ్ తర్వాతే షురూ అవుతుంది.

మా స్టాఫ్ రూమ్ సంగతే చూడండి. ఒక లెక్చరర్‌గారి లాప్‌టాప్, ఆయన ఫోన్, మూలనున్న ప్రింటర్, గోడమీది సీసీ కెమెరా, నాలుగూ ఒకే వైఫైకి తగులుకుని ఉంటాయి. కానీ నాలుగింటికీ నాలుగు దునియాలు కనిపిస్తాయి. లాప్‌టాప్‌కి మార్కుల సర్వర్ తెరుచుకుంటుంది. ఫోన్‌కి ఇంటర్నెట్ మాత్రమే. ప్రింటర్‌కి తన దగ్గరికొచ్చిన కాగితాల పని తప్ప బయటి ప్రపంచంతో లేనాదేనా లేదు. కెమెరా తన రికార్డర్‌కి తప్ప ఇంకెవరికీ సలాం కూడా చెప్పదు.

ఈ ఏర్పాటుని మా పనిలో రోల్ అంటారు. మన హైసియత్ అనే మాట దీనికి ఇంకా బాగా కుదురుతుందని నాకనిపిస్తుంది. ఎక్కడిదాకా వెళ్ళొచ్చు, ఎక్కడికి వెళ్ళకూడదు, ఎంత వేగం దొరుకుతుంది, ఏ వేళల్లో దొరుకుతుంది, ఇవన్నీ కలిపితే ఆ డబ్బా హైసియత్.

మన ఇళ్ళల్లో ఇది కొత్త సంగతేం కాదు. మా నానీ ఇంట్లో పాలబ్బాయి గడప దగ్గరే ఆగేవాడు. గ్యాస్ బండ తెచ్చేవాడు బావర్చీఖానా దాకా వచ్చేవాడు, బండ దించి ఐదు నిమిషాల్లో వెళ్ళిపోయేవాడు. ఫూఫాజాన్ వస్తే బైఠక్‌లో మంచి కుర్చీ, షర్బత్. మామూలు మాత్రం చెప్పులు విప్పి నేరుగా లోపలికొచ్చి గిన్నెల మూతలు తీసి చూసేవాళ్ళు. ఎవరు ఎందాకా రావాలో ఎక్కడా రాసిపెట్టి లేదు. నానీకి తెలుసు, వచ్చినవాళ్ళకీ తెలుసు. ఎవరైనా కొత్త మనిషి వస్తే నానీ పర్దా పక్కనుంచి మొహం చూసి, గొంతు విని, "మీరెవరబ్బాయి?" అని అడిగేది. ఆ తర్వాతే ఫైసలా.

వైఫైకి మొహం చూసే కళ్ళు లేవు. అందుకని ఆనవాళ్ళు వెతుక్కుంటుంది. అవి ముఖ్యంగా మూడు.

మొదటిది మ్యాక్ అడ్రస్. ప్రతి వైఫై చిప్‌కీ ఫ్యాక్టరీలోనే రాసిచ్చే నంబరు. అంకెలు, ఎ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరాలు కలిపి మొత్తం పన్నెండు స్థానాలుంటాయి. అందులో మొదటి ఆరు, తయారుచేసిన కంపెనీకి ఐఈఈఈ అనే సంస్థ కేటాయించినవి. మనవైపు ఇంటిపేరు లాంటిదనుకోండి. ఉదాహరణకి బి8:27:ఇబి అని మొదలైతే అది రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఖాందాన్. ఇలా ఆరు స్థానాలు చూసి ఇది ఫలానా కంపెనీ ఫోను, అది ఫలానా కంపెనీ ప్రింటర్ అని వైఫై అంచనా వేస్తుంది.

రెండోది అడిగే తీరు. ఏ పరికరమైనా నెట్‌వర్క్‌లోకి రాగానే "నాకో అడ్రస్ ఇవ్వండి" అని అడుగుతుంది. దీన్ని డీహెచ్‌సీపీ అంటారు, 1990ల నుంచీ ఉన్న పద్ధతే. అడ్రస్‌తో పాటు ఇంకా ఏమేం కావాలో ఒక జాబితా ఇస్తుంది. విండోస్ అడిగే వరస వేరు, ఐఫోన్ అడిగే వరస వేరు, ప్రింటర్ అడిగే వరస వేరు. "సలాం అలైకుం" అన్న గొంతు వినగానే ఇది హైదరాబాదా, కడపా, గుంటూరా అని మనం పట్టేయమూ! ఇదీ అంతే.

మూడోది పరికరం తన గురించి తను చెప్పుకునే పేరు. ఫోన్‌కి మనం పెట్టుకున్న పేరు, బ్రౌజర్ తన గురించి పంపే వాక్యం వగైరా.

ఈ ఆనవాళ్ళు చూసి హైసియత్ ఇవ్వడానికి ఒక రూల్స్ పట్టీ ఉంటుంది. ఎవరో ఒకరు కూర్చుని రాసిందే. "మ్యాక్ ఇలా మొదలైతే కెమెరా రోల్ ఇవ్వు, అడిగే వరస ఇలా ఉంటే ప్రింటర్ రోల్ ఇవ్వు, ఏదీ కాకపోతే మెహమాన్ రోల్ ఇవ్వు." చాలా చోట్ల ఈ పట్టీని పైనుంచి కిందికి చదివేలా పెడతారు, మొదట కుదిరిన లైన్ దగ్గరే ఆగిపోయేలా. ఈ ఆగిపోవడం అన్న ముక్క కాస్త గుర్తుంచుకోండి.

ఈ పద్ధతి మొత్తం ఖరాబ్ అని నేననను. ప్రింటర్ పాస్‌వర్డ్ టైప్ చేయలేదు కదా, కెమెరాకి యూజర్ నేమ్ ఉండదు కదా. నోరులేని వస్తువులు అవి. వాటిని ఆనవాలు చూసే గుర్తుపట్టాలి, వాటి పనికి సరిపడా జాగా ఇచ్చి అక్కడే ఉంచాలి. చవక కెమెరాల్లోకి బయటివాళ్ళు చొరబడటం దునియా మొత్తం చూసింది. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇళ్ళల్లోని కెమెరాలనీ రౌటర్లనీ లక్షల్లో పట్టుకుని, వాటి చేత పెద్దపెద్ద వెబ్‌సైట్ల మీద దాడి చేయించింది. వాటికి తయారైనప్పుడు పెట్టిన పాస్‌వర్డ్‌లు ఎవరూ మార్చకపోవడమే కారణం. కెమెరాని దాని గదిలో దాన్ని ఉంచితే, రేపు అది చెడినా పక్కనున్న మార్కుల సర్వర్ జోలికి పోలేదు.

వస్తువు విషయంలో గుమాన్ చాలు. ముష్కిల్ మనిషి దగ్గరొస్తుంది.

నేను ఈ నౌకరీలో చేరిన మూడో వారం ఒకమ్మాయి మా గది బయట నిలబడింది. ఫైనలియర్, హాస్టల్‌లో ఉంటుంది. చేతిలో సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్, దానికి ఒక పక్క గోరంత వైఫై డాంగిల్ గుచ్చి ఉంది. లోపలి వైఫై చిప్ పోతే బాగు చేయించే ఖర్చెక్కువని ఆ డాంగిల్ కొనుక్కుందట.

"సార్, మా రూమ్‌లో అందరికీ నెట్ వస్తుంది. నాకు కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, కాలేజీ వెబ్‌సైట్ తప్ప ఇంకేదీ తెరుచుకోదు" అంది.

"ఎన్ని రోజులైందమ్మా?"

"ఎండాకాలం సెలవుల తర్వాత డాంగిల్ కొన్నప్పటి నుంచీ సార్. హాస్టల్ ఆఫీసులో చెబితే లాప్‌టాప్ పాతది, వైరస్ ఉంటుంది, ఫార్మాట్ చేయించుకో అన్నారు. ఐదొందలిచ్చి చేయించాను. అయినా అంతే."

కాసేపాగి, నేల చూస్తూ, అసలు సంగతి చెప్పింది. ముందురోజు ఆదివారం ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష ఉండింది. ల్యాబ్ మూసి ఉంది. హాస్టల్ వెనక బ్లాక్‌లో ఫోన్ సిగ్నల్ ఒక గీత దాటదు. హాట్‌స్పాట్ పెట్టి కూర్చుంటే పదో నిమిషంలో తెగిపోయింది. మళ్ళీ కలిసేసరికి పరీక్ష తలుపు మూసేసింది. వాళ్ళ నాన్న వెల్డింగ్ షెడ్డులో పనిచేస్తారు. ఆయనకి ఇంకా చెప్పలేదంది.

కంట్రోలర్ తెరిచి ఆ లాప్‌టాప్ హైసియత్ ఏంటో చూశాను. "అనుమతి లేని రౌటర్" అని ఉంది.

దాని వెనక ఒక పాత రూల్ ఉంది. కాలేజీలో వైఫై బిగించినవాళ్ళు అప్పుడెప్పుడో రాసి వెళ్ళిపోయారు. హాస్టల్ పిల్లలు కొందరు సొంత రౌటర్లు తెచ్చి గదుల్లో పెట్టుకునేవాళ్ళట, దాంతో కాలేజీ వైఫైకి అడ్డం వచ్చేదట. అందుకని రౌటర్లు తయారుచేసే ఫలానా ఫలానా కంపెనీల మ్యాక్ కనిపిస్తే చాలు, వెంటనే కట్టడి చేసే రోల్ ఇవ్వమని పట్టీలో అన్నిటికన్నా పైన రాశారు. ఆ అమ్మాయి కొన్న డాంగిల్ అలాంటి ఒక కంపెనీదే. రౌటర్లు చేసే కంపెనీ డాంగిల్ కూడా చేస్తుంది. రెండింటికీ ఇంటిపేరు ఒకటే.

నాకు ఎక్కువ తకలీఫ్ కలిగించింది ఇంకొకటి. ఆ లాప్‌టాప్ అడ్రస్ అడిగిన తీరు కూడా అక్కడే లాగ్‌లో ఉంది. శుద్ధ విండోస్ వరస. ఏ రౌటరూ అలా అడగదు. అంటే ఆమె తరఫున గవాహీ వాకిట్లోనే నిలబడి ఉంది. కానీ పట్టీ మొదటి లైన్ దగ్గరే ఆగిపోయింది, గవాహీని లోపలికి పిలిచినవాళ్ళు లేరు.

పేరు వినగానే ఎదుటివాళ్ళ గొంతు మారడం మనలో చాలామందికి తెలిసిన అనుభవమే. కాబట్టి ఇదెలా జరుగుతుందో ఈ బ్లాగు చదివేవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ తేడా ఒక్కటే. మనిషి గొంతు మారితే మనకి తెలుస్తుంది. మెషీన్ గొంతు మారదు. "కనెక్టెడ్" అని చూపిస్తూనే కట్టేస్తుంది. తన మీద షక్ పడిందన్న సంగతి కూడా ఆ పిల్లకి తెలియదు. తెలియనప్పుడు ఇన్సాఫ్ ఎవర్ని అడుగుతుంది? అందుకే పాపం వెళ్ళి ఐదొందలు పోసి ఫార్మాట్ చేయించుకుంది.

అదే సాయంత్రం హాస్టల్ లాగ్స్ వెతికితే అదే కట్టడిలో ఇంకో మూడు లాప్‌టాప్‌లు దొరికాయి. మూడింటికీ డాంగిల్సే. కొత్త లాప్‌టాప్ ఉన్నవాళ్ళకి డాంగిల్ అక్కర్లేదు. అంటే ఆ రూల్ కంపెనీ పేరు చూస్తున్నాననుకుంటూ, అసలుకి ఎవరి జేబు చిన్నదో చూసి ఆపుతోంది. రాసినవాళ్ళ నీయత్ అది కాదు. కానీ రూల్ అమల్లోకొచ్చాక నీయత్‌ని ఎవరడుగుతారు?

పైవాళ్ళతో మాట్లాడితే మొదట వచ్చిన జవాబు, "నలుగురి కోసం రూల్ మారుస్తామా? ఆ నలుగురినీ లిస్టులో చేర్చేయండి, అయిపోతుంది." చేర్చడం రెండు నిమిషాల పని, ఆ రోజే చేశాను. కానీ రేపు ఐదో పిల్ల ఎక్కడికి పోవాలి? నేనన్నది ఒకటే. "సార్, ప్రింటర్‌ని ఆనవాలు చూసి గుర్తుపడదాం. పిల్లల్ని మాత్రం అడిగి తెలుసుకుందాం."

అడిగి తెలుసుకునే తరీఖా ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు 802.1ఎక్స్. అందరికీ ఒకే పాస్‌వర్డ్ కాకుండా, ఎవరి రోల్ నంబరు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకి. వెనకాల రేడియస్ అనే సర్వర్ ఉంటుంది, దాని ప్రమాణం 2000లోనే అచ్చయింది. "ఈమె మా విద్యార్థే, ఫైనలియర్, ఫలానా రోల్ ఇవ్వండి" అని అది తస్దీఖ్ చేసి చెబుతుంది. చేతిలో డాంగిల్ ఉందా, మూడేళ్ళ కిందటి ఫోన్ ఉందా అన్నదాంతో పని లేదు. ఎడ్యురోమ్ అని యూనివర్సిటీల మధ్య ఒక వైఫై ఏర్పాటుంది, మన దేశంలో దాన్ని ఎర్నెట్ నడుపుతుంది. అదీ ఈ పునాది మీదే నిలబడింది. ఒక యూనివర్సిటీ విద్యార్థి ఇంకో యూనివర్సిటీకి వెళ్ళినా తన సొంత ఐడీతోనే కనెక్ట్ కావచ్చు. "ఈయన మావాడే" అని ఇంటివాళ్ళు గవాహీ ఇస్తారు, మెహమాన్‌నవాజీ చేసేవాళ్ళు ఒప్పుకుంటారు.

నన్ను నమ్మించిన ఇంకో దలీల్ కూడా ఉంది, పైవాళ్ళని ఒప్పించింది అదే. ఆనవాలు మీద మనిషికి హైసియత్ ఇవ్వడం జుల్మ్ అనే కాదు, ఇప్పుడది పనిచేయదు కూడా. మ్యాక్ అడ్రస్‌ని ఎవరైనా మార్చుకోవచ్చు. లాప్‌టాప్ తెలిసిన కుర్రాడికి ప్రింటర్ మ్యాక్ తగిలించుకుని ప్రింటర్‌లా లోపలికి రావడం పెద్ద పనేం కాదు. అటు డాంగిల్ పిల్ల ఆగిపోతుంది, ఇటు షైతాన్ కుర్రాడు దర్జాగా లోపలికొస్తాడు.

పైగా ఇప్పటి ఫోన్లు సొంత మ్యాక్‌ని దాచుకుంటున్నాయి. చుట్టుపక్కల ఏ వైఫై ఉందో వెతికేటప్పుడు దొంగ మ్యాక్ వాడే పద్ధతిని 2014లో ఐఓఎస్ 8తో ఆపిల్ తెచ్చింది. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చాక, 2020లో ఐఓఎస్ 14 వచ్చాక, కనెక్ట్ అయ్యేటప్పుడు కూడా ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ చూపించడం మామూలైపోయింది. ఒకే మ్యాక్ ఊరంతా చూపిస్తూ తిరిగితే, మనం ఏ షాపుకి వెళ్ళాం, ఏ మాల్‌లో ఎంతసేపున్నాం అన్నది ఎవరైనా లెక్కకట్టగలరు. ఆ కంటికి ఇది పర్దా. అలాంటి మ్యాక్‌ని గుర్తుపట్టే చిట్కా చెబుతాను. ఎడమ నుంచి రెండో స్థానంలో 2 గానీ, 6 గానీ, ఎ గానీ, ఇ గానీ ఉంటే అది మామూలుగా ఫ్యాక్టరీ ఇచ్చిన నంబరు కాదు, తర్వాత పెట్టుకున్నది. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ఇప్పుడే చూసుకోవచ్చు. అలాంటి ఫోన్‌కి ఇంటిపేరే కనిపించదు, ఇక ఏ ఖాందాన్ అని రూల్ రాస్తాం? పర్దా తీసేయమని అందరి ఫోన్లకీ హుకుం జారీ చేసే కాలేజీలు, ఆఫీసులు ఉన్నాయి. రాసుకున్న రూల్ కోసం జనం తమ హిఫాజత్ వదులుకోవాలన్నమాట. నాకది సబబనిపించదు.

ఒప్పుకున్నారు, ఆ సెమిస్టర్‌లోనే మార్చాం. పిల్లలకీ స్టాఫ్‌కీ సొంత లాగిన్. ఆనవాళ్ళు చూసే రూల్స్ ప్రింటర్లకీ కెమెరాలకీ ప్రొజెక్టర్లకే. వాటికీ ఒక్క మ్యాక్ కాదు, అడిగే వరస కూడా కలిస్తేనే. ఇంకొకటి పట్టుబట్టి పెట్టించాను. దేన్నైనా అనుమానించి ఆపాల్సొస్తే, ఆపిన సంగతి స్క్రీన్ మీద చెప్పాలి, ఎందుకు ఆపామో చెప్పాలి, ఎవరి దగ్గరికి రావాలో తెలుగులో చెప్పాలి. మూడు వాక్యాల పేజీ అది. మొత్తం పనిలో నాకు ఎక్కువ ఖుషీ ఇచ్చింది ఆ మూడు వాక్యాలే.

ఆ అమ్మాయి తర్వాతి పరీక్షలు తన లాప్‌టాప్ మీదే, తన గదిలోనే రాసుకుంది. పోయిన పరీక్ష మాత్రం పోయింది. ఆ కంపెనీ మళ్ళీ అవకాశం ఇవ్వలేదు.

ఇక మన ఇళ్ళ సంగతి. ఇంటి రౌటర్‌లోనూ చిన్న ఎత్తున ఇదే ఉంటుంది. చాలా రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ అని ఒకటుంటుంది. టీవీ, సీసీ కెమెరా, వచ్చిపోయే మెహమాన్ల ఫోన్లు అందులో పెట్టండి. మీ లాప్‌టాప్, బ్యాంకు పనులు చేసుకునే ఫోన్ అసలు నెట్‌వర్క్‌లో ఉంచండి. రౌటర్ లోపలికెళ్ళే పాస్‌వర్డ్, అంటే వైఫైది కాదు, సెట్టింగ్స్‌ది, కొన్నరోజు ఏముందో అదే ఉంటే ఈ రోజే మార్చేయండి.

పిల్లల ఫోన్లకి రాత్రి పదింటికి నెట్ ఆగిపోయేలా పెట్టుకునే అమ్మీలూ అబ్బాలూ ఉన్నారు. మా ఇంట్లో మా బేగం అలాగే పెట్టింది. నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు పదిన్నరకి మావాడి గదిలోంచి క్రికెట్ కామెంటరీ! ఫోన్‌లో వైఫై సెట్టింగ్‌కి వెళ్ళి, కల్పిత మ్యాక్ బదులు అసలు మ్యాక్ వాడమని మార్చాడంతే. రౌటర్ దృష్టిలో అది వేరే ఫోన్. వేరే ఫోన్‌కి పదింటి రూల్ లేదు. మా బేగం నా వైపు చూసింది. "ఇంట్లో నెట్‌వర్క్ ఇంజనీర్ ఉండి ఏం ఫాయిదా?" అంది. తెలియని ఫోన్ ఏదొచ్చినా పదింటికి ఆపేసేలా రూల్ తిరగరాయొచ్చు, రాశాను కూడా. కానీ అంతకుముందు వాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడాం. పొద్దున్నే బడి ఉంది, నిద్ర కావాలి, మ్యాచ్ ఉన్న రోజు ముందే ఇజాజత్ అడుగు, ఇస్తాం అన్నాం. అప్పటి నుంచి అడుగుతున్నాడు.

మీ పిల్లలు హాస్టల్లో ఉన్నా, మీరు ఆఫీసులో ఉన్నా, "అందరికీ వస్తోంది, నాకే రావట్లేదు" అనే పరిస్థితి ఎదురైతే ఫార్మాట్ షాపుకి పరిగెత్తకండి. నెట్‌వర్క్ చూసేవాళ్ళ దగ్గరికెళ్ళి అదబ్‌గా మూడు సవాళ్ళు అడగండి. నా పరికరానికి ఏ రోల్ ఇచ్చారు? ఏ ఆనవాలు చూసి ఇచ్చారు? అది తప్పయితే ఎవరు మారుస్తారు? మూడింటికీ జవాబు కంట్రోలర్ స్క్రీన్ మీద ఉంటుంది, చూడ్డానికి ఐదు నిమిషాలు చాలు. "సిస్టమ్ అలా చూపిస్తోంది" అని పంపించేయబోతే, సిస్టమ్‌లో ఆ లైన్ రాసింది ఎవరో అడగండి. ఎవరో ఒక మనిషే రాసుంటారు.